పెట్టె మాదే, లోపలిది ఎవరిది?

కోయంబత్తూరులోని ఒక పంపుల సంస్థ పంపిన ఎక్సెల్ పట్టికలో మొదటి గడి ‘సాఫ్ట్‌వేర్ పేరు’, రెండోది ‘వెర్షన్’, మూడోది ‘లైసెన్సు’, నాలుగోది ‘హక్కుదారు’. మొదటి రెండూ గంటలో నింపేశాను. మూడో గడి దగ్గర కాసేపు ఆలోచించి, పైనుంచి కింది దాకా ‘ఫ్రీ’ అని రాసి పంపేశాను. మర్నాడు వాళ్ల కొనుగోళ్ల మేనేజరు ఫోను చేసి, ఎంతో మర్యాదగా, “సార్, ఫ్రీ అనేది ధర. మేము అడిగింది షరతులు” అన్నారు.

ఆ పట్టిక నిండడానికి ఆ తర్వాత ఐదు నెలలు పట్టింది.

మేము అంటే నేనూ, వరసకు బావ అయ్యే నా భాగస్వామీ. హైదరాబాద్ కుషాయిగూడలో రెండు గదుల షెడ్డు, ఒక పొడవాటి సోల్డరింగ్ బల్ల, ముగ్గురు పనివాళ్లు. వ్యవసాయ మోటార్లకు ఫోనుతో నడిచే స్టార్టర్ పెట్టె చేస్తాం. అర్ధరాత్రి కరెంటు వస్తే రైతు టార్చిలైటు పట్టుకుని బోరు దగ్గరికి పోనక్కరలేదు. ఒక ఫేజు పోయినా, బోరులో నీళ్లు అడుగంటినా మోటారు కాలిపోకముందే పెట్టె తనే ఆపేస్తుంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు మొదలైనప్పుడు, ఆటో స్టార్టర్లు ఉంటే మోటార్లు అదేపనిగా తిరిగి భూగర్భజలాలు తోడేస్తాయని, వాటిని తీసేయమని ప్రభుత్వమే రైతులను కోరింది. కావలసినన్ని గంటలే నడిచి ఆగిపోయే మా పెట్టెకు గిరాకీ పెరగడానికి అదీ ఒక కారణం. పంపుల సంస్థ తమ మోటార్లతో కలిపి అమ్మడానికి వెయ్యి పెట్టెలు కావాలంది. అందులో కొన్ని విదేశాలకు పోతాయి. ఆ పట్టిక అడిగింది అక్కడి కొనుగోలుదారులే.

పెద్ద మోడల్ మూత తీస్తే రెండు బోర్డులు కనిపిస్తాయి. ఒకటి మాది: ఈఎస్‌పీ32 చిప్పు, మూడు ఫేజుల కరెంటు కొలిచే సీటీలు, మోటారుకు కరెంటు కలిపే కాంటాక్టర్‌ను లాగే రిలేలు. రెండోది షెంజెన్ నుంచి తెప్పించుకునే 4జీ రౌటర్ బోర్డు. దానిమీద మీడియాటెక్ ఎంటీ7628 చిప్పు, ఆ చిప్పు మీద లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్. దాని లోపల ఏముందో మేమెప్పుడూ చూడలేదు. సిమ్ము వేస్తే సిగ్నల్ పట్టేది, అంతే చాలనుకున్నాం.

ఆ బోర్డు ఫ్లాష్ మెమరీలో ఉన్నదంతా కంప్యూటర్‌లోకి దించుకుని, బిన్‌వాక్ అనే పనిముట్టుతో విప్పి, ‘స్ట్రింగ్స్’ కమాండు నడిపాను. యంత్రానికే అర్థమయ్యే బైనరీ ఫైలులో మనిషి చదవగలిగిన అక్షరాలను అది ఏరి చూపిస్తుంది. వేల వరుసలు జారిపోతుంటే మధ్యలో బిజీబాక్స్ (లైనక్స్ కమాండ్ల చిన్న మూట) పేరు, వెర్షను, దాన్ని తయారుచేసిన తేదీ కనిపించాయి. ఆన్ చేయగానే లైనక్స్‌ను లేపే బూట్‌లోడర్ భాగంలో యూ-బూట్. లైనక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ సంగతి చెప్పనే అక్కరలేదు. మూడూ జీపీఎల్ (వాడుకో, మార్చుకో, పంచితే సోర్స్ కూడా ఇవ్వు అనే లైసెన్సు) రెండో వెర్షన్ కింద ఉన్నవే. 1991 నాటి ఆ లైసెన్సు పాఠాన్ని నేను అప్పటిదాకా ఒక్కసారైనా పూర్తిగా చదవలేదు. ఇరవై ఏళ్లుగా లైనక్స్ వాడుతున్నవాణ్ణి. అద్దె ఇంట్లో ఇరవై ఏళ్లు కాపురం ఉండి అగ్రిమెంటు చూడనట్టుంది నా సంగతి.

ఆ రాత్రి కూర్చుని చదివాను. నాకు పని పెట్టింది మూడో సెక్షన్. ప్రోగ్రామును బైనరీ రూపంలో పంచేవాడికి మూడు దారులు చూపిస్తుంది. సోర్స్ కోడ్‌ను, అంటే మనిషి రాసిన అసలు ప్రోగ్రామును, వస్తువుతో పాటే ఇవ్వడం ఒకటి. అడిగినవారు ఎవరైనా సరే, పంపడానికయ్యే ఖర్చుకు మించి తీసుకోకుండా ఇస్తామని కనీసం మూడేళ్లు చెల్లే రాతపూర్వక హామీ ఇవ్వడం రెండోది. మనకు పైవాడు ఇచ్చిన హామీనే కిందివాడికి అందించడం మూడోది. “రౌటర్ చేసింది వాళ్లు, మనం కొన్నవాళ్లం. అడిగితే వాళ్లనే అడగమందాం” అన్నాడు బావ. మూడో దారి అదే. అయితే అది వ్యాపారం కాని పంపిణీకే పనికొస్తుంది. పైగా షెంజెన్ సంస్థ మాకు ఏ హామీ కాగితమూ ఇవ్వలేదు. నాలుగో సెక్షన్ ఇంకా సూటిగా ఉంది: షరతు తప్పితే అనుమతి దానంతటదే రద్దవుతుంది. అప్పటికి మేము అమ్మిన పెద్ద మోడల్ పెట్టెలు 340.

కాస్త ఊరట కలిగించింది కెర్నెల్ డెవలపర్లు 2017 అక్టోబరులో చేసిన ప్రకటన. జీపీఎల్ మూడో వెర్షన్‌లో ఉన్నట్టుగానే, మొదటిసారి తప్పు చేసినవాడు నోటీసు అందిన 30 రోజుల్లో సరిదిద్దుకుంటే హక్కులు తిరిగి వచ్చేలా వాళ్లు ఒప్పుకున్నారు. ఆ ప్రకటన కెర్నెల్‌కే, బిజీబాక్స్‌కు కాదు. నోటీసు రాకముందే సరిచేసుకోవడం ఒక్కటే మా చేతిలో ఉంది.

షెంజెన్‌కు మెయిలు పెట్టాను. “ప్రియ మిత్రమా, కోడ్ మా సంస్థ రహస్యం” అని జవాబు. లైసెన్సు ప్రతి జతచేసి రెండోది పెట్టాను. పండుగ సెలవులని జవాబు. మూడోదానికి, ఐదు వేల డాలర్లు కడితే ఆలోచిస్తామన్నారు. లైనస్ టోర్వాల్డ్స్ రాసిన కెర్నెల్‌ను నాకు అమ్మజూపుతున్నారు! కోపం వచ్చింది కానీ, నేను మాత్రం చేసిందేమిటి? అదే పెట్టెను 340 మందికి అమ్మాను.

దారి చూపింది ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ, రౌటర్ల కోసం సోర్స్‌తో సహా దొరికే లైనక్స్. దాని పుట్టుక కథ తెలిస్తే నవ్వొస్తుంది. 2003లో లింక్‌సిస్ డబ్ల్యుఆర్‌టీ54జీ అనే రౌటర్‌లో లైనక్స్ ఉందని, సోర్స్ ఇవ్వలేదని కొందరు పసిగట్టారు. గొడవ పెద్దదయ్యాక సోర్స్ విడుదలైంది. దాని మీద మొదలైన పనే ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ. అంటే నా చిక్కుకు విరుగుడు, ఇరవై ఏళ్ల కిందట ఇంకొకరు పడ్డ అదే చిక్కులోంచి పుట్టింది. ఎంటీ7628 చిప్పుకు అందులో మద్దతు ఉంది. మా బోర్డులో ఫ్లాష్ 16 ఎంబీ, సరిపోతుంది. లేనిదల్లా ఆ బోర్డు వైరింగు వివరం: ఏ పిన్ను ఏ దీపానికి వెళుతుంది, 4జీ మాడ్యూల్‌కు కరెంటు ఇచ్చేది ఏది. భూతద్దం కింద బోర్డు పెట్టి, మల్టీమీటర్ కొన ఒక్కో కాలికీ ఆనిస్తూ, ‘బీప్’ వినిపించినప్పుడల్లా నోటుపుస్తకంలో గీత గీసుకుంటూ పదకొండు రోజులు గడిపాను. పన్నెండో రోజు మేమే కట్టిన సాఫ్ట్‌వేర్‌తో బోర్డు లేచింది. సిగ్నల్ దీపం మాత్రం తలకిందులు: సిగ్నల్ ఉంటే ఆరిపోయేది, పోతే వెలిగేది. విసుగొచ్చి అలాగే వదిలేశాను.

మా సొంత బోర్డు సంగతైనా తేలికనుకున్నాను. దాని ఫర్మ్‌వేర్, అంటే చిప్పులో నడిచే ప్రోగ్రాము, రాసింది నేనే కదా. లెక్క తీస్తే అందులో నేను రాసింది ఐదో వంతు. మిగతాది ఇతరులు రాసిపెట్టిన ఇరవై ఆరు లైబ్రరీలు. చాలావాటివి ఎంఐటీ, బీఎస్‌డీ, అపాచీ లైసెన్సులు. రాసినవారి కాపీరైటు వరుసా లైసెన్సు పాఠమూ జతచేస్తే వాటి రుణం తీరుతుంది. (ఆ పాఠాలన్నీ కలిపితే నలభై పేజీలు వచ్చాయి. రైతు చదువుతాడా అని బావ వెటకారం.) చిక్కు వచ్చింది చిన్న మోడల్‌లో. అందులో రౌటర్ ఉండదు, ఈఎస్‌పీ32 నేరుగా 4జీ మాడ్యూల్‌తో మాట్లాడుతుంది. అందుకోసం చిప్పుకు ప్రోగ్రాము రాయడం తేలిక చేసే ఆర్డ్యుయినో కోర్‌నూ, మాడ్యూల్‌తో మాట్లాడే టైనీజీఎస్ఎం అనే లైబ్రరీనీ వాడాను. మొదటిది ఎల్‌జీపీఎల్ 2.1, రెండోది ఎల్‌జీపీఎల్ 3.

ఎల్‌జీపీఎల్ మన కోడ్‌ను బయటపెట్టమనదు. కొన్నవాడు ఆ లైబ్రరీని మార్చుకుని, తిరిగి మన ప్రోగ్రాముతో కలుపుకునే వీలు మాత్రం ఉండాలంటుంది. కంప్యూటర్‌లో లైబ్రరీ విడి ఫైలుగా ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. చిన్న చిప్పులో అంతా కలిసి ఒకే ముద్ద. అందుకని మా ఆబ్జెక్ట్ ఫైళ్లయినా (కంపైల్ అయి ఇంకా కలపని ముక్కలు) ఇవ్వాలి. మూడో వెర్షన్ ఇంకో అడుగు ముందుకేసి, ఇంటి వాడకపు వస్తువైతే మార్చిన ప్రోగ్రామును అందులోకి ఎక్కించే పద్ధతి కూడా చెప్పాలంటుంది. అదే సమయంలో పంపుల సంస్థ సెక్యూర్ బూట్ పెట్టాలని పట్టుబట్టింది. అంటే చిప్పులోని ఈ-ఫ్యూజులు కాల్చేసి, మా సంతకం ఉన్న ప్రోగ్రాము తప్ప మరొకటి ఎక్కకుండా చేయడం. ఒకరు తాళం వేయమంటారు, ఇంకొకరు తాళంచెవి చేతికివ్వమంటారు. పొలంలో మోటారు స్టార్టర్ ఇంటి వాడకపు వస్తువు అవుతుందా అని నేనూ బావా ఒక పూటంతా వాదించుకున్నాం. సందేహం వస్తే వర్తిస్తుందనే తేల్చుకోవాలని లైసెన్సులోనే ఉందని చూశాక వాదన మానేశాం.

ఆర్డ్యుయినో కోర్‌నూ టైనీజీఎస్ఎంనూ తీసేసి, చిప్పు తయారీదారు ఎస్ప్రెసిఫ్ ఇచ్చే ఈఎస్‌పీ-ఐడీఎఫ్ మీదికి మారాం. అది అపాచీ 2.0. ఇరవై రెండు రోజులు పట్టింది. సిగ్నల్ పోయి తిరిగి వచ్చినప్పుడు మాడ్యూల్‌ను మళ్లీ దారిలో పెట్టడం ఎంత తలనొప్పో, ఆ పాత లైబ్రరీ రాసినవాళ్లు నాకు తెలియకుండా ఎన్ని గుంటలు పూడ్చి ఉంచారో అప్పుడు అర్థమైంది.

ఇంకొక ఫైలు ఉంది. ఫేజుల వరుస తారుమారైతే పసిగట్టే నూట ఇరవై వరుసల కోడ్. కోడ్ పంచుకునే సైటు గిట్‌హబ్‌లో దొరికింది. లైసెన్సు ఫైలే లేదు. లైసెన్సు లేకపోతే ఎవరైనా వాడుకోవచ్చని నేననుకునేవాణ్ణి. నిజం దానికి పూర్తిగా ఎదురు: ఏ అనుమతీ రాయకపోతే హక్కులన్నీ రాసినవాడివే. ఆ కుర్రాడిది బ్రెజిల్. మెయిలు పెడితే, తన కోడ్ తెలుగు పొలాల్లో నడుస్తోందని సంబరపడి, మర్నాటికల్లా ఎంఐటీ లైసెన్సు చేర్చాడు. మొత్తం ఐదు నెలల్లో ఒక్క రోజులో తేలిన పని ఇదొక్కటే.

సాఫ్ట్‌వేర్ గొడవ ముగిశాక పట్టికలో రెండో పేజీ: బోర్డు డిజైన్ హక్కు మీదేనని రుజువు చూపండి. మాదే, ఇంకెవరిది? నాలుగేళ్ల కిందట ఒక కుర్రాడి చేత గీయించాను, 18 వేలు ఫోనులో పంపాను. లాయరుగారు కళ్లజోడు పైకి తోసుకుని, “అతను మీ దగ్గర జీతగాడా?” అని అడిగారు. కాదు. “అయితే మీది కాదు.” 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఉద్యోగి పనిలో భాగంగా చేసినదానికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు యజమాని. బయటివాడు చేసిపెట్టినదానికి హక్కుదారు చేసినవాడే. డబ్బిచ్చినంత మాత్రాన హక్కు చేతులు మారదు. 19వ సెక్షన్ ప్రకారం రాతపూర్వకంగా, సంతకంతో బదిలీ జరగాలి. అందులో ఎన్నేళ్లో రాయకపోతే ఐదేళ్లే అనుకోవాలి. ఏ ప్రాంతమో రాయకపోతే భారతదేశం వరకే. మేము పంపబోయేది విదేశాలకు!

ఆ కుర్రాడు ఇప్పుడు తెనాలి దగ్గర సొంత ఊళ్లో ఉంటున్నాడు. ఫోనులో మాట్లాడేది కాదని రైలెక్కాను. వాళ్లమ్మగారు మజ్జిగ ఇచ్చి, నా చేతిలో స్టాంపు కాగితం చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయారు. “పొలం సంగతా నాయనా?” అని అడిగారు. కాదమ్మా, మీ అబ్బాయి గీసిన బొమ్మ సంగతి అన్నాను. ఆవిడ ముఖంలో అనుమానం రెట్టింపయింది. బొమ్మకు స్టాంపు కాగితం ఏమిటని ఆవిడ అనుమానం.

అతను కాగితం రెండుసార్లు చదివాడు. “అన్నా, బోర్డు మీద మీ కంపెనీ పేరే కదా ఉంది, నాదని నేనెప్పుడూ అనుకోలేదు” అన్నాడు. ప్రపంచమంతటికీ, కాపీరైటు ఉన్నంత కాలానికీ అని రాసిన వరుస చూపించాను. ఇరవై వేలు అదనంగా ఇస్తానన్నాను. సంతకం పెట్టబోతూ ఆగి, “ఒక్కటి అడుగుతాను. నా పేరు ఎక్కడైనా చిన్నగా వేస్తారా?” అన్నాడు. హక్కులన్నీ రాసిచ్చినా, ఇది నేను చేసినదని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద అతని దగ్గరే ఉంటుందని లాయరుగారు అప్పటికే చెప్పారు. అయినా అతను అడిగేదాకా నాకు తోచలేదు, అందుకు సిగ్గేసింది. ఇప్పుడు ప్రతి బోర్డు మీద, కుడివైపు కింది మూల, స్క్రూ రంధ్రం పక్కన, రెండు మిల్లీమీటర్ల ఎత్తున అతని పొడి అక్షరాలు ఉంటాయి.

మిగిలినవి చకచకా చెప్పేస్తాను, ఎందుకంటే వాటిలో మాకు దక్కింది తక్కువ. పేటెంటు: 3(కె) సెక్షన్ ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రాము దానికదిగా పేటెంటుకు రాదు, మా సర్క్యూట్‌లో కొత్త ఆవిష్కరణ అంటూ ఏదీ లేదు. పెట్టె ఆకారానికి డిజైన్ రిజిస్ట్రేషన్: దరఖాస్తుకు ముందే లోకానికి చూపించకూడదు, మేమేమో ఊరూరా అమ్మేశాం. కాపీరైటు ఉంటుంది కదా అంటే, రిజిస్టరు చేయదగ్గ డిజైన్‌ను చేయించకుండా యాభైకి మించి వస్తువులు తయారుచేస్తే ఆ కాపీరైటూ పోతుందట. యాభై ఒకటో పెట్టె ఏ రోజు చేశామో నాకు గుర్తు కూడా లేదు. ట్రేడ్‌మార్కు: తొమ్మిదో తరగతి, చిన్న సంస్థ కాబట్టి 4,500 రూపాయల రుసుము. నీరు, మోటారు అనే అర్థమొచ్చే పేరు పెట్టాం. సరుకు గుణాన్ని చెప్పే మాట కాబట్టి గుర్తుగా చెల్లదని అభ్యంతరం వచ్చింది. వాదించకుండా, మా అమ్మమ్మ దూడను పిలిచే ముద్దుపేరుతో కొత్త దరఖాస్తు పెట్టాం. మోటారుకూ దానికీ ఏ సంబంధమూ లేదు, అదే దాని బలమట.

అసలు తగువు బోర్డు డిజైన్‌ను బయటపెట్టడం దగ్గర వచ్చింది. నేను పెడదామన్నాను. బావ, “ఇంతా చేసి మనదని తేల్చుకున్నది ఊరికి పంచడానికా?” అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. నా లెక్క వేరు. రిలే పోతే రైతు మా దగ్గరికి రాడు, మండలంలో మోటార్లు వైండింగు చేసే మెకానిక్ దగ్గరికి వెళతాడు. మెకానిక్ చేతిలో సర్క్యూట్ బొమ్మ ఉంటే గంటలో బాగవుతుంది, లేకపోతే మా పెట్టె తీసి గోడ మూలకు పడేస్తాడు. కాపీ కొట్టేవాడికి మా ఫైళ్లు ఎందుకు? రెండు పొరల బోర్డు, ఫొటో తీసి గీసుకుంటాడు. కోఠి గుజరాతీ గల్లీకి పోయి చూడు, ఆర్డ్యుయినో డిజైన్ ఎవరైనా తీసుకోవచ్చు కాబట్టి పది రకాల బోర్డులు ఉన్నాయి, కానీ ఆ పేరు వేసుకునే హక్కు మాత్రం పేరు గలవాడిదే అన్నాను. మూడు రోజులు మాట్లాడుకోలేదు. నాలుగో రోజు టీ తాగుతూ, “పేరు మనదే కదా ఉండేది?” అన్నాడు. ఒప్పుకున్నట్టే.

జెనీవాలోని భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ సెర్న్, హార్డ్‌వేర్ కోసమే రాయించిన లైసెన్సు ఉంది. 2020లో వచ్చిన రెండో వెర్షన్‌లో మూడు రకాలు: గట్టిగా పట్టుబట్టేది, మెతకగా పట్టుబట్టేది, అసలు పట్టుబట్టనిది. మధ్యది తీసుకున్నాం. మా బోర్డును మార్చి అమ్మేవాడు ఆ మార్పులు పంచాలి. దాన్ని పెద్ద యంత్రంలో బిగించి అమ్మేవాడు యంత్రమంతా పంచనక్కరలేదు. పంపుల సంస్థకు అభ్యంతరం లేకపోవడానికి ఆ రెండో వాక్యమే కారణం. బోర్డులు గీసే కైకాడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో గీశాం కాబట్టి దాని లైబ్రరీల లైసెన్సు మా బోర్డుకు అంటుకుంటుందేమోనని భయపడ్డాను. డిజైన్లకు అది వర్తించదని వాళ్లే మినహాయింపు రాసిపెట్టారు.

పెట్టెలో ఇప్పుడు వారంటీ కార్డుతో పాటు ఒక పసుపు చీటీ ఉంటుంది. ఈ పరికరంలోని ఫలానా ప్రోగ్రాముల సోర్స్ కోడ్ మూడేళ్లలోపు ఎవరు అడిగినా పంపుతామని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాశాం. పాత 340 మందికీ మెసేజీలు పెట్టి, కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించి, చీటీలు పోస్టులో పంపాం. జనగామ వైపు నుంచి ఒక పెద్దాయన ఫోను చేసి, “బాబూ, ఈ పసుపు కాగితం ఏ ఆఫీసులో ఇవ్వాలి? సబ్సిడీ ఎప్పుడు పడుతుంది?” అని అడిగారు. ఎక్కడా ఇవ్వనక్కరలేదు, దాచుకోండి అన్నాను. ఆయన నమ్మలేదు.

నిజంగా సోర్స్ అడిగింది ఇప్పటికి ఒక్కరే. సూర్యాపేటలో పాలిటెక్నిక్ చదివే అబ్బాయి, వాళ్ల నాన్నగారి బోరుకు మా పెట్టె ఉంది. పెన్‌డ్రైవు, కొరియరు ఖర్చులు తీసుకుని పంపాను. వారం తర్వాత మెసేజీ: “సార్, కంపైల్ మధ్యలో ఆగిపోతోంది, ఒక ఫైలు లేదంటోంది.” వెతికితే అది బావ లాప్‌టాప్‌లో ఉన్న చిన్న స్క్రిప్టు. మా దగ్గర పనిచేస్తుండేది కాబట్టి అది విడిగా ఉందన్న సంగతే మరిచిపోయాం. కంపైల్ చేసే స్క్రిప్టులూ సోర్స్‌లో భాగమేనని మూడో సెక్షన్‌లో ఎర్ర సిరాతో గీత గీసుకున్నది నేనే. క్షమించమని రాసి, స్క్రిప్టు పంపాను.

ఇంకో పది రోజులకు అతని దగ్గరి నుంచి రెండు వరుసల మార్పు వచ్చింది, ఒక ఫొటోతో పాటు. ఫొటోలో పెట్టె మూత తెరిచి ఉంది, సిగ్నల్ దీపం వెలుగుతోంది. నేను తలకిందులుగా వదిలేసిన పిన్నును అతను సరిచేశాడు. కొత్త పెట్టెలన్నీ ఆ మార్పుతోనే వెళుతున్నాయి. కోయంబత్తూరు వాళ్ల పట్టికలో ఇంకో వరుస చేర్చి పంపాను. మూడో గడిలో జీపీఎల్ రెండో వెర్షన్, నాలుగో గడిలో ఆ అబ్బాయి పేరు.